విదేశాల్లో వైద్యం: టికెట్ కొనేముందు వెనక నుంచి లెక్క వేయండి

విదేశానికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవాళ్ళు నన్ను సలహా అడిగేటప్పుడు ముందు ఆసుపత్రి పేరు చెబుతారు. తర్వాత డాక్టరు పేరు, ఆ తర్వాత ఎంత కలిసొస్తుందో. అంతా విన్నాక నేను ఒకటే అడుగుతాను: తిరిగొచ్చిన మూడో వారంలో కుట్ల దగ్గర చీము కనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అక్కడి డాక్టరుగారికి వాట్సాప్‌లో ఫోటో పెడతాం" అంటారు. ఫోటోలో జ్వరం కనపడదు.

నేను చాలాకాలం ఒక పెద్ద ఆసుపత్రిలో విదేశీ రోగుల విభాగంలో కోఆర్డినేటర్‌గా చేశాను. బయటి దేశాల నుంచి వచ్చే మెయిళ్ళు చదవడం, రిపోర్టులు డాక్టర్లకి చూపించి ఖర్చు అంచనా తెప్పించడం, వీసాకి ఉత్తరాలు రాయడం, దిగిన రోజు నుంచి తిరిగి విమానం ఎక్కేదాకా రోగి వెంట ఉండడం నా పని. విమానం ఎక్కాక వాళ్ళకి ఏమయ్యేదో మాత్రం చాలామంది విషయంలో మాకు తెలిసేది కాదు. ఆసుపత్రి లెక్కలో డిశ్చార్జితో కథ అయిపోయినట్టే. రోగికి అక్కడే మొదలు. అందుకే నేను చెప్పే పద్ధతంతా ఆ చివరి నుంచి మొదలై ముందుకి వస్తుంది.

వెళ్ళడంలో అర్థం ఉన్నప్పుడు

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది గట్టి కారణంతోనే వచ్చారు. మోకీలు మార్పిడికి తమ దేశంలో వెయిటింగ్ లిస్టులో పడి, మెట్లెక్కడమే మానేసినవాళ్ళున్నారు. పుట్టుకతోనే గుండెలో లోపమున్న పసిబిడ్డకి ఆపరేషన్ చేయగల సర్జనే దేశంలో లేని తల్లిదండ్రులున్నారు. ప్రోటాన్ థెరపీ (ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్ వైద్యం) యంత్రం అందుబాటులో లేని క్యాన్సర్ రోగులున్నారు. క్లోమం, అన్నవాహిక లాంటి చోట్ల చేసే పెద్ద ఆపరేషన్లలో, వాటిని తరచూ చేసే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువగా ఉంటాయన్నది వైద్యుల్లో అందరూ ఒప్పుకున్న సంగతి. ఏడాదికి రెండో మూడో చేసే దగ్గరి ఆసుపత్రిని వదిలి, అదే పనిగా చేసే దూరపు చోటుకి వెళ్ళడం తెలివైన పనే. ఐరోపా సమాఖ్య దేశాల వాళ్ళకైతే 2011లో వచ్చిన ఆదేశం ఒకటి ఉంది: మరో సభ్యదేశంలో చేయించుకున్న చికిత్సకి, సొంత దేశంలో అదే చికిత్సకి ఎంత ఇచ్చేవారో అంతమేరకు తిరిగి రాబట్టుకోవచ్చు. కొన్ని చికిత్సలకి ముందే అనుమతి తీసుకోవాలి, అంతే.

ఖర్చు తగ్గడం కూడా న్యాయమైన కారణమే. అదొక్కటే కారణమైతే మాత్రం కింద రాసినవన్నీ రెండుసార్లు చదవండి.

చికిత్సకి తోక ఎంత పొడవు?

ప్రతి చికిత్సకీ ఒక తోక ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద జరిగేది తల మాత్రమే. తోక ఎంత పొడవైతే అంత దూరం వెళ్ళడం ప్రమాదం. ఏజెంట్లు ఇచ్చే ప్యాకేజీలో ఈ తోక కనపడదు, కనుక మీరే కొలవాలి.

శుక్లాల ఆపరేషన్, చిన్న హెర్నియా లాంటివాటికి తోక పొట్టిది. కొన్ని వారాలు చుక్కలు వేసుకోవడం, ఒకటి రెండు పరీక్షలు. పంటి ఇంప్లాంట్ దగ్గరికి వచ్చేసరికి కాస్త పొడుగవుతుంది. దవడ ఎముకలో దిగిన స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, అందుకే మంచి దంతవైద్యులు చాలామంది రెండు విడతలుగా రమ్మంటారు. కొందరికి వెంటనే పన్ను బిగించొచ్చు, నిజమే. కానీ మీ ఎముక స్కాన్ చూడకుండానే "వారంలో నోరంతా కొత్త పళ్ళు" అని మాటిచ్చేవాడు మీ ఎముక గురించి కాదు, మీ సెలవు గురించి ఆలోచిస్తున్నాడు. ఇంకో చిక్కు: ఒక్కో కంపెనీ ఇంప్లాంట్‌కి ఒక్కో రకం స్క్రూ, దాన్ని తిప్పే డ్రైవరూ వేరు. మా దగ్గర చికిత్స చేయించుకున్న ఒకాయన పన్ను ఇంటికెళ్ళాక వదులైతే, అక్కడి డెంటిస్టు అది ఏ కంపెనీదో తెలియక చెయ్యి పెట్టనన్నారు. ఒక చిన్న స్టిక్కర్ ఫైలులో ఉండి ఉంటే ఆ పని కొద్ది నిమిషాల్లో అయిపోయేది.

బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీకి తోక జీవితాంతం. కడుపు కత్తిరించాక బి12, ఐరన్, విటమిన్ డి లాంటివి ఒంటికి సరిగా పట్టవు. ఏటా రక్తపరీక్షలు, మందులు తప్పవు. అవయవ మార్పిడికీ అంతే, కొత్త అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ లాంటి మందు రక్తంలో ఎంత ఉందో చూస్తూ మోతాదు సరిచేసే డాక్టరు మీ ఊళ్ళోనే ఉండాలి. ఐవీఎఫ్‌లో తోక మరో రకంగా వస్తుంది. కొన్ని దేశాల్లో ఒకేసారి ఎన్ని పిండాలు గర్భంలో పెట్టవచ్చో కట్టుబాటు ఉంది, కొన్నిచోట్ల లేదు. గర్భం నిలిచే అవకాశం పెరగాలని రెండో మూడో పెడితే, కవలల గర్భంలో వచ్చే నెలలు నిండని కాన్పు, బీపీ, ఎన్‌ఐసీయూ (పుట్టిన పిల్లల ఐసీయూ) ఖర్చు అన్నీ ఇంటికొచ్చాకే. ఎన్ని పెడతారని మొదటి మెయిల్లోనే అడగండి.

కీమోథెరపీ లాంటి విడతల వైద్యానికి మొత్తం అక్కడే ఉండగలిగితేనో, లేదా మొదటి విడత అక్కడ తీసుకుని మిగతాది ఇక్కడి డాక్టరు అదే ప్రణాళిక ప్రకారం కొనసాగిస్తానని చెబితేనో వెళ్ళండి. మధ్యలో రాకపోకలతో నడిపిద్దామనుకున్నవాళ్ళు బాగా అలిసిపోవడం చూశాను.

ముందు ఇంటి డాక్టరు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఈ విషయంలో అక్షరాలా పనికొస్తుంది. విదేశీ ఆసుపత్రికి మెయిల్ పెట్టకముందే మీ ఊళ్ళో ఆ విభాగం డాక్టరు ఒకర్ని కలవండి. "వెళ్ళమంటారా?" అని అడిగితే ఆయన నొచ్చుకోవచ్చు, లేదా వద్దని పొడిగా అనొచ్చు. ప్రశ్న మార్చండి: "నేను వెళ్తే, తిరిగొచ్చాక కుట్లు తీయడం, రక్తపరీక్షలు రాయడం, ఏదైనా తేడా వస్తే చూడడం మీరు చేస్తారా? అందుకు అక్కడి నుంచి మీకు ఏ కాగితాలు కావాలి?" కొందరు ఒప్పుకుంటారు. మరొకరు చేసిన ఆపరేషన్‌లో తాము చెయ్యి పెట్టమని కొందరు ముఖం మీదే చెబుతారు. అలా చెప్పినా మేలే, ఇంకొకరిని వెతకడానికి టైముంటుంది. ఎవరూ ఒప్పుకోకపోతే, నా దృష్టిలో ఆ ప్రయాణం అక్కడితో ఆగిపోవాలి.

అదే మాటల్లో ఇంకో సంగతి కూడా తేల్చుకోండి: అసలు ఈ ఆపరేషన్ కావాలా? విదేశీ ఆసుపత్రికి మీరు "మోకీలు మార్చాలి" అని రాస్తే వాళ్ళు మోకీలు మార్పిడికే అంచనా పంపుతారు. ఫిజియోథెరపీతో సరిపోతుందేమోనని మెయిల్లో ఎవరూ వాదించరు. క్యాన్సర్ అనుమానమైతే మనిషి కంటే ముందు ముక్కని పంపండి. బయాప్సీ స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ఆ ముక్కలు) కొరియర్లో తెప్పించుకుని తమ పాథాలజిస్టుతో మళ్ళీ చదివించే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. రొమ్ములో గడ్డతో వచ్చిన ఒకావిడకి మా దగ్గర రెండోసారి చదివాక వైద్యమే మారిపోయింది. ఆవిడ టికెట్ కొనలేదు, సొంత ఊళ్ళోనే చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టుకున్నారు. మా విభాగానికి ఆదాయం రాని కేసు అది. నాకు బాగా గుర్తుండిపోయిన కేసు కూడా.

ఆసుపత్రిని, అంతకంటే ముఖ్యంగా సర్జన్‌ని పరీక్షించడం

బ్రోషర్ మీద బంగారు రంగు ముద్ర ఉంటుంది. తరచూ అది జేసీఐది. ఆసుపత్రుల్ని తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే ఈ సంస్థ, అంటే జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్, 1994లో మొదలైంది. అమెరికా బయట దాని గుర్తింపు తొలిసారి పొందినది 1999లో బ్రెజిల్‌లోని సావ్ పావ్‌లో నగరపు ఆసుపత్రి ఒకటి. ఆ గుర్తింపు మూడేళ్ళకోసారి కొత్తగా సంపాదించుకోవాలి. కనుక గోడమీది ఫ్రేము చూసి నమ్మకండి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు, తేదీ మీరే చూసుకోండి. నేను అలాంటి తనిఖీలు లోపల నుంచి చూశాను. అవి పనికిమాలినవేం కావు. మందులు కలగలిసిపోకుండా, తప్పు కాలికి ఆపరేషన్ జరగకుండా ఉండే పద్ధతుల్ని అవి గట్టిగా చూస్తాయి. కానీ మీ సర్జన్ చెయ్యి ఎంత మంచిదో అవి చెప్పవు. పైగా గుర్తింపు ప్రధాన ఆసుపత్రికి ఉండి, మీ ఆపరేషన్ అదే పేరుతో నడిచే మరో భవనంలోని క్లినిక్‌లో జరగొచ్చు. చిరునామా సరిచూసుకోండి.

సర్జన్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాతపూర్వకంగా అడగండి. ఆ దేశపు వైద్య మండలి రిజిస్టరు చాలాచోట్ల ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఆయన ఏ విభాగంలో శిక్షణ పొందారో చూడండి. ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేక శిక్షణ లేకుండానే కాస్మెటిక్ సర్జన్ అని బోర్డు పెట్టుకునే వీలు ఎన్నో దేశాల్లో ఉంది. ఇంకో ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి: నేను మత్తులో ఉన్నప్పుడు కత్తి పట్టేది మీరేనా? దక్షిణ కొరియాలో ఒకరి పేరు చెప్పి మరొకరు ఆపరేషన్ చేసిన ఉదంతాలు పెద్ద గొడవై, స్పృహ లేని రోగికి చేసే ఆపరేషన్‌ని రోగి అడిగితే కెమెరాలో రికార్డు చేయాలని చట్టమే చేశారు. అది 2023 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. జుట్టు మార్పిడి క్లినిక్కుల్లోనైతే డాక్టరు పలకరించి వెళ్ళిపోయి, మొత్తం పని టెక్నీషియన్లు చేయడం కొత్తేమీ కాదు.

వీడియో కాల్ లేకుండా డబ్బు కట్టకండి. ఆ కాల్‌లో మీరు అడిగేవాటి కంటే డాక్టరు మిమ్మల్ని ఏమడుగుతున్నారో గమనించండి. వాడే మందులు, రక్తం పలచబరిచే మాత్రలు, షుగరు, గురక, పాత మత్తు అనుభవం, సిగరెట్టు... వీటిలో ఏవీ అడగకుండా తేదీ ఖరారు చేస్తున్నారంటే లైన్ కట్ చేయండి. "మీకు ఇది వద్దు", "ముందు బరువు తగ్గి రండి" అనగలిగిన డాక్టరు మీద నాకు గౌరవం ఎక్కువ. ఎలాగూ వచ్చారు కదా అని పొట్ట, రొమ్ము, తొడలు ఒకే బల్ల మీద కానిచ్చేద్దామనే మాట వస్తే ఒప్పుకోకండి. మత్తులో ఉండే గంటలు పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతాయి.

అరుదైన రక్తం గలవాళ్ళు ఇదీ అడగాలి. తూర్పు ఆసియా జనాభాలో ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం (ఓ నెగెటివ్, ఏ నెగెటివ్ లాంటివి) చాలా అరుదు, అక్కడ పెద్ద ఆపరేషన్‌కి వెళ్ళే నెగెటివ్ వాళ్ళకి బ్లడ్ బ్యాంకులో నిల్వ ఉందో లేదో ముందే తేలాలి.

ఏజెంటు సంగతి. చాలామంది ఏజెంట్లకి ఆసుపత్రే కమిషన్ ఇస్తుంది. అది నేరమని అనను, మంచివాళ్ళు కూడా ఉన్నారు, కానీ ఆయన సిఫారసు వెనక ఏముందో తెలుసుకుని వినాలి. "ఈ ఆసుపత్రి మీకెంత ఇస్తుంది?" అని నవ్వుతూనే అడగండి. డబ్బు మాత్రం ఆసుపత్రి ఖాతాకే, ఆసుపత్రి ఇచ్చిన ఇన్వాయిస్ మీదే కట్టండి.

రెండు చోట్ల నేను మారు మాట లేకుండా వద్దంటాను. కిడ్నీ దాత దొరికాడు, డబ్బిస్తే చాలు అనే చోటుకి వెళ్ళకండి. అవయవాల వ్యాపారాన్ని, దాని కోసం చేసే ప్రయాణాల్ని అవయవ మార్పిడి నిపుణులు 2008లో చేసిన ఇస్తాంబుల్ డిక్లరేషన్ ఖండించింది, చాలా దేశాల్లో అది నేరం. ఆ దాతకి ఏ జబ్బులున్నాయో కూడా మీకు సరిగా తెలియదు. రెండోది, ఆటిజం దగ్గర్నుంచి వెన్నుపూస గాయం దాకా అన్నిటికీ ఒకే స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ అమ్మే క్లినిక్కులు. నిజమైన ప్రయోగ చికిత్సలో మందుకి మామూలుగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే ప్రయోగ చికిత్సల జాబితాలో, పేరు కనిపించినంత మాత్రాన ఎవరో పరీక్షించి ఆమోదించారని అర్థం కాదు.

డబ్బు, చట్టం

అంచనా కాగితంలో ఉన్నవాటి కంటే లేనివి చదవండి. ఐసీయూలో అదనపు రోజులు, రక్తం, బయాప్సీ, రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే దాని ఖర్చు, తోడొచ్చిన మనిషి బస పొడిగింపు, ఇవి ఎవరివి? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్, చికిత్స కోసమే చేసిన ప్రయాణంలో వచ్చే చిక్కులకి దాదాపుగా వర్తించదు. అందుకని విడిగా పాలసీలున్నాయి, ఆపరేషన్‌కి ముందే తీసుకోవాలి. పొరపాటు జరిగితే ఆ దేశపు చట్టం, ఆ దేశపు కోర్టు, ఆ దేశపు గడువు. సమ్మతి పత్రం మీకు తెలిసిన భాషలో ముందే తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదవండి. బల్ల మీదకి తీసుకెళ్ళే ముందు అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకండి. దుబాసీగా మీ పిల్లల్ని వాడకండి. తల్లికి చెడ్డవార్త చెప్పాల్సిన చోట పిల్లలు మాటలు మింగేయడం నేను కళ్ళారా చూశాను.

తిరుగు విమానం

నేను ఎక్కువగా గొడవపడింది ఇక్కడే. అందరూ తిరుగు టికెట్ ముందే, చవగ్గా, తేదీ మార్చుకునే వీలు లేకుండా కొనుక్కుని వస్తారు. తేదీ మారే టికెట్టే కొనండి. ఆ తేడాని వైద్యం ఖర్చులోనే రాసుకోండి.

కారణం ఇది. విమానం లోపలి గాలి ఒత్తిడి, 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఒంట్లో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే అది దాదాపు మూడో వంతు వ్యాకోచిస్తుంది. అందుకే ఛాతీ, పొట్ట ఆపరేషన్ల తర్వాత కనీసం 10 రోజులు విమానం ఎక్కవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది, ముఖం, కనురెప్పలు, ముక్కు లాంటి కాస్మెటిక్ పనులకి 7 నుంచి 10 రోజులు. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టి ఉంటే అది పూర్తిగా కరిగిందని డాక్టరు చెప్పేదాకా అసలు ఎక్కకూడదు. చూపే పోవచ్చు. కొత్తగా కట్టిన సిమెంటు కట్టు కూడా గాల్లో బిగుసుకుంటుంది.

ఇక రక్తం గడ్డలు. 4 గంటలకు మించిన ప్రయాణం కాళ్ళ సిరల్లో గడ్డలు కట్టే అవకాశాన్ని రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. మామూలు మనిషికి అది చాలా చిన్న ప్రమాదమే. తుంటి, మోకీలు మార్చుకున్నవాళ్ళకి ఆపరేషన్ వల్లే వారాల తరబడి ఆ ప్రమాదం ఎక్కువగా ఉంటుంది, దానికి ఈ ప్రయాణం తోడవుతుంది. గడ్డ కట్టకుండా మందు ఎన్నాళ్ళు వాడాలో, విమానంలో ఏ మేజోళ్ళు వేసుకోవాలో డిశ్చార్జి కాగితంలో రాయించండి. ఎయిర్‌లైన్ వాళ్ళకి మెడిఫ్ అనే ఫారం ఉంటుంది, డాక్టరు నింపాలి. చివరి నిమిషంలో గేటు దగ్గర ఆపేయకుండా కొన్ని రోజుల ముందే పంపండి.

నొప్పి మాత్రలు కూడా చూసుకోండి. ఒక దేశంలో చీటీ మీద ఇచ్చే ట్రమడాల్ ఈజిప్టులో కఠిన నియంత్రణలో ఉన్న మందు. మధ్యలో విమానం మారే దేశం నియమాలు కూడా మీకు వర్తించవచ్చు. మాత్రలు వాటి డబ్బాల్లోనే, చీటీతో కలిపి ఉంచండి.

ఇంటికొచ్చాక

మూడో వారం చీము గురించి మొదట్లో అడిగింది ఊరికే కాదు. 2023లో మెక్సికోలోని మాతమోరోస్‌లో రెండు క్లినిక్కుల్లో వెన్నులో మత్తిచ్చి చేసిన కాస్మెటిక్ ఆపరేషన్ల తర్వాత ఫ్యుసేరియం అనే ఫంగస్ మెదడు పొరల్లోకి చేరి పలువురు చనిపోయారు. మొదట వచ్చింది తలనొప్పే, చాలామందికి ఇంటికి చేరాక వచ్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీలు చేయించుకున్న అమెరికన్లలో మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే క్షయ జాతి సూక్ష్మజీవి గాయాల్లో కనిపించింది. దాని లక్షణాలు వారాలు, నెలల తర్వాత కూడా రావచ్చు, మామూలు కల్చర్‌లో (చీముని ల్యాబులో ఉంచి సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షలో) తప్పిపోనూ వచ్చు, నెలల కొద్దీ మందులు వాడాలి. గాయం మానకుండా చీము పడుతూ ఉంటే మీ డాక్టరుని "ఎటిపికల్ మైకోబ్యాక్టీరియాకి (ఇలాంటి సూక్ష్మజీవులకి) కూడా కల్చర్ పంపుతారా?" అని అడగండి. ఈ ప్రశ్న రోగి అడిగితే తప్పేం లేదు.

మందులకి లొంగని బ్యాక్టీరియా విషయమూ అంతే. విదేశంలో ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాళ్ళని కొన్ని దేశాల ఆసుపత్రులు చేర్చుకునేటప్పుడే పరీక్షించి, ఫలితం వచ్చేదాకా విడి గదిలో ఉంచుతాయి. అవమానంగా అనుకోవద్దు. మీరే ముందు చెప్పండి: ఏ దేశంలో, ఏ తేదీల్లో, ఏ ఆపరేషన్, ఏ యాంటీబయాటిక్. కొందరు తిడతారేమోనని దాస్తారు. దాస్తే డాక్టరు చీకట్లో వెతుకుతారు.

జ్వరం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, తగ్గని తలనొప్పి, గాయం ఎర్రబడడం. వీటిలో ఏది వచ్చినా వాట్సాప్ సందేశానికి జవాబు కోసం కూర్చోకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళండి. సందేశం దారిలో పెట్టుకోవచ్చు.

ఆ ఎమర్జెన్సీలో మీ చేతిలో ఉండాల్సిన ఫైలు అక్కడ డిశ్చార్జి రోజునే తయారవ్వాలి. తర్వాత మెయిల్ చేస్తామంటే ఒప్పుకోకండి. బిల్లు విభాగం తొందర పెడుతున్నా సరే, కుర్చీ వేసుకుని కూర్చోండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఆపరేషన్ నోట్సు, మత్తు చార్టు, బయాప్సీ, కల్చర్ రిపోర్టులు, స్కాన్లు డైకామ్ రూపంలో, అంటే ఫిల్ములూ స్క్రీన్‌షాట్లూ కాకుండా అసలు ఫైళ్ళు కావాలి. మందుల జాబితా బ్రాండ్ పేర్లతో కాకుండా జెనరిక్ పేర్లతో రాయించండి. పారాసిటమాల్, అసిటమినోఫెన్ ఒకటే మందని తెలియక రెండూ వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. రక్తపరీక్షల్లో అంకె పక్కన కొలమానం ఉందో లేదో చూడండి. గ్లూకోజు 126 అని ఒక దేశం రాసేదాన్ని మరో దేశం 7 అని రాస్తుంది.

ఒంట్లో ఏదైనా అమర్చి ఉంటే, మోకీలైనా పేస్‌మేకరైనా రొమ్ము ఇంప్లాంటైనా, దాని పెట్టె మీది స్టిక్కర్ కావాలి. కంపెనీ, మోడల్, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు ఉండేది దాని మీదే. రేపు ఎమ్మారై తీయాలన్నా, కంపెనీ ఆ లాట్‌ని వెనక్కి పిలిచినా ఆ నంబరే ఆధారం. స్టిక్కర్లు ఒకటికి మించి వస్తాయి, ఒకటి ఆసుపత్రి ఫైలులో అంటిస్తారు. మిగిలినది అడిగితే ఇస్తారు, అడగకపోతే చెత్తబుట్టలో పడుతుంది.